మేత దుకాణంలో ఊరికే ఇచ్చే ఆవుల ఈతల పుస్తకం: చివరి పేజీ కోసమైనా తీసుకోండి

5 చుక్కలకు 4 ఇస్తున్నాను. ఆ నాలుగింటిలో రెండు చివరి పేజీవే. తగ్గించిన ఒక్కటీ ఎందుకో కూడా చెబుతాను.

అమెరికాలోని నెబ్రాస్కాలో ఇసుక దిబ్బల మీద గడ్డి పెరిగిన శాండ్‌హిల్స్ ప్రాంతంలో ఒక ర్యాంచ్‌లో పనిచేస్తున్నాను. చదివింది తిరుపతి వెటర్నరీ కాలేజీలో. ఇక్కడ పంట తక్కువ, గడ్డి ఎక్కువ. మేముండే చెర్రీ కౌంటీలో మనుషులకన్నా ఆవులు చాలా రెట్లు ఎక్కువ. ఈ ఆవుల పాలు ఎవరూ పిండరు. దూడలే రాబడి. ఏడాదికి ఒక ఆవు ఒక దూడను ఈనాలి, అది ఆరేడు నెలలు తల్లి దగ్గర పెరగాలి, శరదృతువులో అమ్ముడుపోవాలి. అందుకే ఆవు ఏ రోజు ఈనిందన్నది ఇక్కడ డబ్బుతో సమానం.

మా టౌన్‌లో మేత, ఉప్పుదిమ్మలు, కంచె తీగ అమ్మే దుకాణంలో ఏటా జనవరిలో బిల్లు కట్టే చోట ఒక అట్టపెట్టె పెడతారు. అందులో ఏ ఆవు ఎప్పుడు ఈనిందో రాసుకోవడానికి చొక్కా జేబులో పట్టేంత చిన్న పుస్తకాలు ఉంటాయి. ఆకుపచ్చ ప్లాస్టిక్ అట్ట, పక్కన పెన్సిల్ దూర్చుకోవడానికి చిన్న ఉంగరం. కాలం కాగానే కొత్తది ఇస్తారు, డబ్బులు తీసుకోరు. పెద్ద పెద్ద సంఘాలు అమ్మే పుస్తకాలూ ఉన్నాయి, పశువుల జాతి సంఘాలు సభ్యులకు పంపేవీ ఉన్నాయి. అన్నీ దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి. నేను మాత్రం ఈతల సీజన్ అంతా దీన్నే జేబులో పెట్టుకు తిరుగుతాను కాబట్టి దీని గురించే రాస్తున్నాను. ఇక్కడికి ఇంటర్న్‌షిప్‌కో ఉద్యోగానికో వచ్చే మన వెటర్నరీ పిల్లలు చాలామంది మొదటి రోజే ఇలాంటి పుస్తకం చేతికిస్తే ఏం రాయాలో తెలియక తికమక పడతారు. వాళ్ళకు పనికొస్తుంది.

తెరవగానే మొదటి రెండు పేజీల్లో చూడి రోజుల పట్టిక ఉంటుంది. పై వరసలో ఆవు ఆంబోతుతో కలిసిన తేదీ, కింది వరసలో ఈనే తేదీ. మధ్య తేడా 283 రోజులు. జూన్ 1న ఆంబోతుల్ని మందలోకి వదిలితే మొదటి దూడ మార్చి 11 ప్రాంతంలో పడుతుంది. ఈ పట్టిక ఫోన్‌లో కూడా దొరుకుతుంది, దీని కోసం పుస్తకం అక్కర్లేదు అనిపిస్తుంది. కానీ పట్టిక పక్కనే ఎవరో మంచి బుర్ర ఉన్నవాళ్ళు ఒక లెక్క అచ్చు వేయించారు. 365 లోంచి 283 తీసేస్తే 82. ఆవు ఈనిన రోజు నుంచి మళ్ళీ చూడి కట్టడానికి ఉన్న గడువు అంతే. ఆ 82 రోజుల్లో గర్భసంచి మామూలు స్థితికి రావాలి, పాలిస్తూనే ఒంట్లో సత్తువ కూడగట్టుకోవాలి, మళ్ళీ ఎదకు రావాలి, కట్టాలి. ముదురు ఆవు ఈనాక మళ్ళీ ఎదకు రావడానికే సుమారు 50 నుంచి 60 రోజులు పడుతుంది. తొలిచూలు ఆవులకు ఇంకో మూడు నాలుగు వారాలు ఎక్కువే పడుతుంది. అంటే తొలి ఈత ఆవుకు ఆ 82 రోజుల్లో దాదాపు ఏమీ మిగలదు. ఈ ఒక్క లెక్క కుర్రాళ్ళకు కంఠతా వస్తే సగం పని అయిపోయినట్టే.

తరువాత అసలు పేజీలు. ఒక్కో ఆవుకు ఒక్కో గీత. చెవి ట్యాగు నంబరు, ఈనిన తేదీ, దూడ ఆడా మగా, ఈత ఎంత కష్టమైంది, దూడ బరువు, ఏవైనా మాటలు. ఈత కష్టానికి 1 నుంచి 5 దాకా అంకెలు. తనంతట తానే ఈనితే 1. చేత్తో కొంచెం లాగితే 2, గొలుసులూ జాకీ వేసి లాగాల్సి వస్తే 3, పొట్ట కోసి తీస్తే 4, దూడ అడ్డం తిరిగి వస్తే 5. మాటల కోసం ఇచ్చిన చోటు మరీ ఇరుకు. అందులో మేము రాసేవి నాలుగైదు మాటలే: పొదుగు బాలేదు, దూడను దగ్గరికి రానివ్వడం లేదు, కవలలు, జున్నుపాలు పట్టించాం. జున్నుపాల మాట మాత్రం ఎన్ని గంటలకు పట్టించామో వేసి రాయాలి. దూడ పుట్టిన మొదటి ఆరు గంటల్లో తాగిన జున్నుపాలే దానికి రక్ష. ఒక రోజు దాటితే అందులోని రోగనిరోధక శక్తిని దూడ పేగు ఇక పీల్చుకోలేదు.

రెండు గీతలు చూపిస్తాను. 418, మార్చి 14, పెయ్య, 1, 78 పౌన్లు. దానికి చాలా కింద 622, ఏప్రిల్ 29, కోడె, 1, 84 పౌన్లు. రెండూ ఆరోగ్యమైన దూడలే, రెండు తల్లులూ తమంతట తామే ఈనాయి. పుట్టిన రోజు చూస్తే 622 దూడే బరువు, దానికే మార్కులు వేస్తాం.

అక్టోబరు 10న అన్ని దూడల్నీ ఒకే రోజు తల్లుల నుంచి వేరు చేసి తూకం వేస్తాం. ఆ రోజుకు 418 దూడ వయసు 210 రోజులు, 622 దూడది 164. తేడా 46 రోజులు. తల్లి దగ్గర పచ్చిక మీద పెరిగే దూడ రోజుకు ఇంచుమించు 2 పౌన్లు పెరుగుతుంది. అంటే ఆంబోతు మంచిదైనా, తల్లికి పాలు దండిగా ఉన్నా, 622 దూడ 90 పౌన్ల దాకా, అంటే 40 కిలోల దాకా వెనకబడే ఉంటుంది. దానికి ఏ రోగమూ రాలేదు, ఏ మందూ తప్పలేదు. పుట్టడమే ఆలస్యం.

తల్లుల సంగతి అంతకన్నా ముఖ్యం. జూన్ 1న ఆంబోతుల్ని వదిలేసరికి 418 ఈని 79 రోజులు అయింది. ఆవు కుదుటపడింది, బహుశా ఒకసారి ఎదకు కూడా వచ్చి పోయి ఉంటుంది. మొదటి వారాల్లోనే కట్టేస్తుంది, వచ్చే ఏడు మళ్ళీ మార్చిలోనే ఈనుతుంది. 622 ఈని 33 రోజులే. జూన్ చివరి దాకా అది ఎదకే రాదు. ఆంబోతులు మందలో ఉండేది 63 రోజులు, అంటే 21 రోజులకోసారి వచ్చే ఎదలు మూడు. 418కి మూడు అవకాశాలు, 622కి ఒకటి, మహా అయితే రెండు. ఈసారి కట్టినా మళ్ళీ ఆలస్యంగా ఏప్రిల్‌లోనే ఈనుతుంది, లేదా అసలు కట్టకుండా శరదృతువులో చూడి పరీక్ష రోజున వట్టిదని తేలుతుంది. వెనకబడిన ఆవు తనంతట తాను ముందుకు రావడం చాలా కష్టం. 283 రోజుల్ని ఎవరూ తగ్గించలేరు కదా.

ఇప్పుడు చివరి పేజీ. అందులో మూడు గడులు, ఆపైన ‘మిగతావి’ అని నాలుగోది. మొదటి 21 రోజులు, రెండో 21, మూడో 21. ఒక్కో గడిలో ఎన్ని ఆవులు ఈనాయో, మొత్తంలో ఎంత శాతమో రాసుకోవాలి. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో కింద చిన్న అక్షరాల్లో ఉంది: మూడేళ్ళు దాటిన ఆవుల్లో మూడోది ఈనిన రోజు నుంచి. నెలలు నిండకుండా ఒకటీ అరా ముందే ఈనేస్తే ఆ తేదీతో లెక్క మొదలై, గడులన్నీ తప్పిపోకుండా ఈ ఏర్పాటు. మొదటి గడిలో 60 శాతం దాటితే మంద బాగున్నట్టు అని రైతులకు సలహాలిచ్చే ఇక్కడి యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళు చెబుతారు.

మా యజమాని ఈ పుస్తకాలు ఏళ్ళ తరబడి వాడుతున్నారు. పాతవన్నీ వంటింటి సొరుగులో రబ్బరు బ్యాండు వేసి భద్రంగా ఉన్నాయి. ప్రతి గీతా చక్కగా నింపి ఉంది. చివరి పేజీ మాత్రం అన్నింటిలోనూ ఖాళీ. ఒక చలికాలం సాయంత్రం ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని వెనక నుంచి ఒక్కో పుస్తకం లెక్కేశాం. మొదటి గడిలో సగం కూడా పడలేదు. ‘మిగతావి’ గడి మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “దూడలు చిన్నవిగా వస్తున్నాయంటే ఆంబోతు తేడా అనుకుని కొత్త ఆంబోతుల్ని కొంటూ వచ్చాం” అన్నారు.

ఆ సాయంత్రం తరువాతే మార్పులు మొదలయ్యాయి. ఆంబోతుల్ని 63 రోజులకు ఖచ్చితంగా మందలోంచి తీసేయడం ఒకటి. పెయ్యలకు ఆవులకన్నా మూడు వారాలు ముందే, మే నెలలోనే, ఆంబోతును చూపించడం ఇంకోటి. తొలి ఈత తరువాత వాటికి తేరుకోవడానికి ఎక్కువ రోజులు కావాలి కాబట్టి ఆ మూడు వారాలూ ముందే చేతికిచ్చినట్టు అవుతుంది. చూడి పరీక్షలో ఆలస్యంగా కట్టాయని తేలిన ఆవుల్ని కోతకు పంపకుండా, మే నెలలో ఈతలు పెట్టుకునే వేరే ర్యాంచ్‌లకు చూడి ఆవులుగానే అమ్మడం మూడోది. మన దగ్గర ఆలస్యం అనుకున్న ఆవు వాళ్ళ దగ్గర సరైన వేళకు ఈనే ఆవు. అమ్మకానికి మంచి ధరే వస్తుంది. ఇవేవీ ఈ పుస్తకంలో రాసి లేవు. కానీ ఆ మూడు గడులు నింపకపోతే వీటిలో ఒక్కటీ చేసి ఉండేవాళ్ళం కాదు.

ఇదేదో మా ఒక్క ర్యాంచ్ సంగతి కాదు. నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళకు ఇదే శాండ్‌హిల్స్‌లో విట్‌మన్ దగ్గర గుడ్‌మండ్‌సెన్ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ ఏళ్ళ తరబడి రాసిపెట్టిన మంద లెక్కలు తీసి, మొదటి 21 రోజుల్లో పుట్టిన దూడల్నీ తరువాత పుట్టినవాటినీ పోల్చి చూశారు. ముందు పుట్టిన కోడెలు వేరు చేసే రోజున బరువు ఎక్కువ, చివరికి మాంసం బరువులోనూ నాణ్యతలోనూ మెరుగే. ముందు పుట్టిన పెయ్యలు తొందరగా ఎదకు వచ్చాయి, చూడి కట్టిన శాతమూ ఎక్కువే. ఇదే రాష్ట్రంలో క్లే సెంటర్ దగ్గరున్న కేంద్ర ప్రభుత్వ మాంస పశువుల పరిశోధనా కేంద్రం వాళ్ళు మరో సంగతి చూపించారు. తొలిసారి ముందుగా ఈనిన పెయ్యలు మందలో ఎక్కువ ఏళ్ళు నిలుస్తాయి. అంటే ముందు పుట్టిన పెయ్య ముందు కడుతుంది, ముందు ఈనుతుంది, దాని కూతురూ అదే దారి. అందుకే మందలో ఉంచుకునే పెయ్యల్ని ఎంచేటప్పుడు ఒంటి అందం చూసేకన్నా ముందు ఈ పుస్తకం తెరిచి పుట్టిన తేదీ చూడమంటాను.

సరే, అసలు మార్చిలోనే ఎందుకు ఈనించాలి? దీని మీద ఇక్కడ రైతుల మధ్య తెగని వాదన. మార్చిలో అయితే దూడ అక్టోబరుకు బాగా ఎదుగుతుంది. కానీ ఈనిన ఆవుకు పచ్చిక మే దాకా దొరకదు, అప్పటిదాకా ఎండుగడ్డీ దాణా కొని పెట్టాలి. పైగా వాతావరణం. 2019 మార్చి మధ్యలో నెబ్రాస్కా మీద వచ్చిన మంచు తుఫాను, వరదలు సరిగ్గా ఈతల మధ్యలో పడి ఎన్నో మందల్లో దూడలు పోయాయి. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ ఇక్కడివాళ్ళ ముఖం మారిపోతుంది. మే నెలలో ఈనిస్తే ఆవుకు పాలు ఎక్కువ కావాల్సిన వేళకు పచ్చిక సిద్ధంగా ఉంటుంది, కొనే గడ్డి తగ్గుతుంది, చలికి పోయే దూడలు తక్కువ. కానీ అక్టోబరులో దూడలు చిన్నవిగా ఉంటాయి, ఆంబోతుతో కలిసే ఆగస్టుకు గడ్డిలో సారం తగ్గిపోయి ఉంటుంది. నా మాట అడిగితే నెల ఏదైనా సరే, ఎంచుకున్న నెలలో ఎన్ని ఆవులు దగ్గర దగ్గరగా ఈనాయన్నదే చూడమంటాను. మే మందకు కూడా ఆ మూడు గడులే కొలత.

ఇక ఒక చుక్క ఎందుకు తగ్గించానంటే, ఈ పుస్తకంలో ఈనిన గంట రాయడానికి చోటు లేదు. ఇది చిన్న లోపం కాదు. కెనడాలోని మానిటోబాలో గస్ కోనెఫాల్ అనే హెర్‌ఫర్డ్ ఆవుల రైతు 1970లలో ఒక సంగతి కనిపెట్టాడు. చూడి ఆవులకు మేత పొద్దున కాకుండా రాత్రి పొద్దుపోయాక వేస్తే ఎక్కువ ఆవులు పగలే ఈనుతున్నాయి. తరువాత వేరేచోట్ల చేసిన ప్రయోగాల్లోనూ అదే తేలింది. మేమూ ఈతలకు నెల ముందు నుంచి చీకటి పడే వేళకే గడ్డి వేస్తాం. మంచులో అర్ధరాత్రి పడే దూడకన్నా ఎండలో పడే దూడకు బతుకు సులువు, కష్టపడే ఆవు పక్కన మనిషి కూడా ఉంటాడు. ఈ పద్ధతి మన మందలో పనిచేస్తోందా లేదా తెలియాలంటే గంట రాయాలి. నేను తేదీ పక్కన చిన్న సున్నా పెడితే పగలు, సున్నాలో నలుపు నింపితే రాత్రి అని గుర్తు పెట్టుకున్నాను. అచ్చులోనే ఒక సన్నటి గడి ఇస్తే ఈ అవస్థ ఉండదు.

ఇంకో కొరత, ఏ పొలంలో ఈనిందో రాసే చోటు. ఇక్కడ శాండ్‌హిల్స్ పద్ధతి అని ఒకటి ఉంది. వారానికోసారి ఇంకా ఈనని ఆవుల్ని కొత్త పొలానికి తోలేస్తారు, ఈనినవి దూడలతో ఉన్నచోటే ఉంటాయి. పెద్ద దూడల నుంచి చిన్న దూడలకు పారుడు అంటకుండా ఇది గొప్ప కట్టడి. ఈతలు దగ్గర దగ్గరగా ఉన్న మందలో ఇది ఇంకా తేలిక. దీనికీ నేను మాటల గడిలో ఒక అక్షరం ఇరికించాల్సి వస్తోంది. ఆవు ఒంటి పుష్టికి ఇచ్చే 1 నుంచి 9 అంకె కూడా గీతలో లేదు. ఈనేటప్పుడు ఆవు 5 మీద, తొలిచూలుది 6 మీద ఉంటే తొందరగా ఎదకు వస్తుంది. అంత ముఖ్యమైన అంకెకు చోటివ్వకుండా వెనక దుకాణం ప్రకటనలకు రెండు పేజీలు ఇచ్చారు.

కాగితం ఫర్వాలేదు. తడిసిన గ్లౌజుతో పట్టుకున్నా చిరగదు. పెన్ను మాత్రం వాడకండి. మైనస్ 20లో సిరా గడ్డకడుతుంది, తడిస్తే అలుక్కుపోతుంది. పెన్సిలే సరి. ఫోన్ యాప్‌లు చూశాను, మంచివి ఉన్నాయి. కానీ కొండల మధ్య సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ గంటలో పడిపోతుంది, గ్లౌజు తీసి టైప్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు. వారానికోసారి ఇంట్లో కూర్చుని పుస్తకంలోవి ఎక్సెల్‌లోకి ఎక్కించుకుంటే రెండూ ఉన్నట్టే. పుస్తకం పొలంలో పోగొట్టుకుంటే సీజన్ అంతా పోతుందన్న టెన్షనూ తగ్గుతుంది.

మనవాళ్ళలో ఎవరైనా ఈ పుస్తకాన్ని ఊరికి పట్టుకెళ్ళి వాడదాం అనుకుంటే ఒక హెచ్చరిక. దర్శి దగ్గర మా నాన్నకు ఒంగోలు ఆవులూ ముర్రా గేదెలూ ఉన్నాయి. ఒకటి ఇంటికి పంపితే ఆయన మొదట అడిగింది ఇదే: “ఈ 283 మన గేదెకు ఎలా సరిపోతుంది?” సరిపోదు. గేదెకు సుమారు 310 రోజులు. 365 లోంచి 310 తీస్తే మిగిలేది 55, కాబట్టి గేదెను ఏడాదికో ఈత అడగకూడదు, 13, 14 నెలలకు ఒకటి వస్తే మంచి లెక్కే. ఒంగోలు రక్తం ఉన్నవాటికీ ఈ పట్టిక కొన్ని రోజులు తక్కువ చూపిస్తుంది. ఇక్కడ టెక్సాస్ వైపు పెంచే బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది, వాటికి 290 రోజులు దాటుతుందని ఇక్కడివాళ్ళే వేరే పట్టిక వాడతారు. కాబట్టి పట్టిక వదిలేయండి, గీతలూ చివరి పేజీ మాత్రం తీసుకోండి. పాడి మందలో 21 రోజుల గడులకు బదులు ఒక్కో పశువుకు రెండు ఈతల మధ్య ఎన్ని రోజులు పట్టిందో రాసుకుంటే చాలు. నాన్న ఇప్పుడు మామూలు రూళ్ళ నోటుబుక్కులో అలాగే గీతలు కొట్టి రాస్తున్నారు.

ఇక్కడ ఉన్నవాళ్ళకైతే, జనవరి రెండో వారంలోపే వెళ్ళండి, ఆ తరువాత పెట్టె ఖాళీ అవుతుంది. రెండు అడిగినా ఇస్తారు. ఒకటి చొక్కా జేబుకు, ఒకటి ట్రక్కులో అద్దం కింద ఉంచడానికి. రెండోదాంట్లో ముందు చివరి పేజీ తెరిచి, ఆంబోతుల్ని వదిలిన తేదీ, తీసేసిన తేదీ పైన రాసి పెట్టుకోండి.